చక్రంలో పోసిన ఆముదం

ఆ ఆముదం సీసా ఇప్పటికీ మా గూట్లోనే ఉంది. పాపకు తల అంటడానికి మూత తీసినప్పుడల్లా ఆ వాసనకు ముందు దాని ముఖంలోకి చూస్తాను. జరిగి ఏడాది దాటింది. పాప నిద్రపోయాక ఎన్నిసార్లు కాగితం ముందేసుకున్నానో, ఇవాళ్టికి కలం కదిలింది.

మేం ఉట్నూరులో ఉంటాం. మా ఆయనది ఇక్కడ సర్కారు కొలువు. మా మామగారు తాను వాడి విడిచిన పాత కారును మాకిచ్చి, దాని వెంట హుజూరాబాద్ నుంచి తాతను కూడా పంపారు. తాత మాకు చుట్టం కాడు. మామగారి ఇంట్లో నలభై ఏళ్లు ఎడ్ల కచ్చురం తోలిన మనిషి. ఎడ్లు పోయాక కారును కూడా ఎడ్లను కడిగినట్టే కడిగేవాడు. కడిగాక దాని ముందు రేకును నిమిరేవాడు.

పాపకు ఏడో నెల నడుస్తుండగా వెనక చక్రాల్లో చప్పుడు మొదలైంది. బ్రేకు తొక్కితే చాలు, బండరాయి మీద ఇనుప గొలుసు ఈడ్చినట్టు గరగర. పాప ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చేది. ఒకసారి పెదవులు నీలంగా మారాయి. ఆ క్షణం నుంచి నాకా చప్పుడంటేనే వణుకు.

"శనివారం మంచిర్యాల పోతం గద. గప్పుడు కార్ల మేస్త్రికి చూపిద్దాం తియ్" అన్నారాయన. మంచిర్యాలలో రైలెక్కి పాపను మా అవ్వకు చూపించుకురావాలని మా ప్రయాణం. దానికింకా నాలుగు రోజులుంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఆఫీసులో ఉండగా, తాత చక్రం పక్కన గొంతుక్కూచుని దాన్ని తట్టి చూశాడు.

"ఇరుసు ఎండిపోయింది బిడ్డా. బండి ఊకెనే ఏడుస్తదా? దూప అయితెనే ఏడుస్తది. కందెన వెయ్యాలె."

"కారుకు గూడ కందెన ఏస్తరా తాతా?"

"ఏం, దీనికి చక్రాలు లేవా? జర ఆముదం తే. పోరి గట్ల బెదురుతుంటే నా పానం ఆగుతలేదు."

లోపలికి వెళ్లి పాప ఆముదం సీసా తెచ్చిచ్చాను. తాత కోడి ఈకతో సందు వెతికి, చక్రం లోపలివైపు రేకుల మధ్యలోంచి ధార పోశాడు. ఒక చక్రం అయ్యాక రెండోది. "ఇంక జర పొయ్యి తాతా" అన్నాను నేను. ఆ మాట నాదే.

సాయంత్రం ఆయన కారు తీస్తే చప్పుడు లేదు. "గిదేంది, దానంతటదే తగ్గింది!" అన్నారు. తాత నావైపు చూసి మీసం దువ్వుకున్నాడు. చెబితే ఆయన ఎగతాళి చేస్తారని ఇద్దరం నోరు మెదపలేదు.

శనివారం పొద్దున బయలుదేరాం. ముందు ఆయన, పక్కన తాత, వెనక సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని నేను. అడవిలో రోడ్డు వంపులు తిరుగుతూ దిగుతోంది. ఒక వంపు తిరగగానే ముందు వెదురు బొంగుల బండి అడ్డంగా పోతోంది. ఆయన బ్రేకు తొక్కారు. కారు వేగం తగ్గినట్టే తగ్గి, ముందుకు జారుతూనే ఉంది.

"పడ్తలేదు! బిరేకు పడ్తలేదు!"

ఆయన గొంతు అలా చీలిపోవడం నేనెన్నడూ వినలేదు. బొంగుల కొసలు అద్దం మీదికి వస్తున్నాయి. కుడివైపు లోయ. ఆయన ఎడమకు తిప్పి మట్టిగట్టుకు గుద్దించారు. కారు ఆగింది. దుమ్ము.

పాప ఏడవలేదు. అంత చిన్న చప్పుడుకు నీలంగా మారిపోయే పిల్ల, ఇప్పుడు ఏడవలేదు. నాకు ఒళ్లోకి చూసే ధైర్యం లేకపోయింది. చూస్తే, కళ్లు తెరుచుకుని నా ముఖంలోకే చూస్తోంది. ఒక్కసారి వెక్కింది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

మిగతా దారంతా తక్కువ గేరులో మెల్లమెల్లగా నడుపుకుంటూ మంచిర్యాల చేరాం. మేస్త్రి వెనక చక్రం ఊడదీసి, లోపలి ఇనుప డ్రమ్మును లాగాడు. డ్రమ్మును పట్టి ఆపే బ్రేకు పట్టీల మీది లైనింగు పూర్తిగా అరిగి రివెట్లు బయటపడ్డాయి. డ్రమ్ము లోపల చుట్టూ నాగటి చాళ్లలా గీతలు.

"గరగర అన్నది గిందుకే సార్. అరిగిపోయిన, నన్ను జూడుండ్రి అని మొత్తుకున్నది." తర్వాత వేలు పెట్టి, వాసన చూశాడు. "అరే, ఆముదం! గీ అకల్ ఎవరిచ్చిండ్రు? బిరేకంటే పట్టుకోవాలె. నూనె పోస్తే ఏం పట్టుకుంటది? ముందు చక్రాలు జర పట్టినయి గాబట్టి బతికిండ్రు."

ఆయన తాతవైపు తిరిగారు. తాత తలరుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే పోసిన అయ్యా. కచ్చురం ఆగాలంటే ఎడ్లు ఆగుతయి, చక్రాలు ఆపయి. దీంట్ల ఎడ్లు లేవన్న సంగతి మతికి రాలే."

"నా బిడ్డను సంపుతుంటివి గద! ఇయ్యాల్నే రైలెక్కి హుజూరాబాద్ పో. మళ్ల మా ఇంటికి రాకు."

తాత సరేనన్నట్టు తలూపాడు. నావైపు చూడను కూడా చూడలేదు. నేనెక్కడ బయటపడతానోనని కాబోలు. పాప తల నా గడ్డం కిందే ఉంది. డ్రమ్ములోంచి వస్తున్న వాసనే దాని తలలోంచీ వస్తోంది. కాలేజీలో ఏటవాలు బల్ల మీద చెక్కదిమ్మను జార్చి, నూనె రాసి మళ్లీ జార్చి, ఘర్షణ లెక్కలు కట్టిన దాన్ని నేను. తాత కాదు.

"సీసా ఇచ్చింది నేనే. ఇంక జర పొయ్యమన్నది గూడ నేనే" అన్నాను.

ఆయన నావైపు తిరిగారు. "నువ్వా?" అన్నారు. అంతే. తిట్టినా బాగుండేది.

డ్రమ్ములు చెక్కించి, పెట్రోలుతో కడిగి, కొత్త లైనింగు బిగించేసరికి పొద్దువాలింది. మా రైలు వెళ్లిపోయింది. తాతను ఎవరూ మళ్లీ పొమ్మనలేదు.

ఇప్పటికీ ఆ దిగుడు వంపు రాగానే నేను పాపనెత్తుకుని కారు దిగి నడుస్తాను. తాత కూడా దిగి, లోయవైపు తాను ఉండేలా నా పక్కన నడుస్తాడు. కింద ఆయన కారు ఆపి, మేం చేరేదాకా బ్రేకు మీది కాలు తీయరు.