పాదాలమ్మ రాయి మీద దురాయి

మా చిన్నప్పుడు కొత్త వల పడవెక్కాలంటే ముందు పాదాలమ్మకు పసుపు పూయాలి... ఒడ్డున అరుగు మీద తెల్లటి రాయి, దాని మీద చెక్కిన రెండు పాదాలు. అవ్వ చెంబుతో నీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, పసుపు పూసేది. అరికాళ్ళలో చక్రాల గుర్తులు ఉండేవి. అమ్మవారు బండెక్కి వచ్చిందనడానికి అవే గుర్తులని మాకు చెప్పేది.

ఒక మధ్యాహ్నం కావలి నుంచి మా పాలేనికి జీపు వచ్చింది. గుండు చేయించుకుని, కాషాయం కట్టుకున్న ఒకాయన దిగాడు. శ్రీలంక నుంచి వచ్చాడట. మన భాష రాదు. ఆయన మాటలు మాకు చెప్పడానికి కావలి మేష్టారు ఒకరు వెంట వచ్చారు.

ఆ కాషాయం ఆయన రాయి ముందు మోకరిల్లి, నుదురు ఇసుకకు ఆనించి చాలాసేపు లేవలేదు...

"మొక్కేవాడు ఇంతసేపు మొక్కతాడా? కొలతలు చూస్తుండాడు," అన్నాడు నాయన మెల్లగా.

మేష్టారు అవ్వతో చెప్పారు. "ఇవి బుద్ధుడి పాదాలంటమ్మా. విగ్రహాలు చెక్కకముందు పాదాలకే మొక్కేవాళ్ళంట. ఈ తీరాన ఓడలెక్కి భిక్షువులు లంకకీ, బర్మాకీ, ఆ పైదేశాలకీ పోయినారంట."

"పోయినోళ్ళు పోయినారు గదా... ఈయన మళ్ళీ దేనికొచ్చినట్టు?" అంది అవ్వ. "మా అమ్మని ఎత్తకపోతాడేమో అడుగయ్యా."

మేష్టారు అడిగారు. ఆయన కంగారుగా చేతులు జోడించి, తల అడ్డంగా ఊపాడు.

"చూసినారా, అడగంగానే కాదన్నాడు! ఎత్తకపోవాలనుకోనే వచ్చినాడు," అన్నాడు మా పెద్దకాపు. పాలెంలో ఆయన మాటే తీర్పు.

వెళ్ళేముందు మేష్టారు రాయిని ఫోటో తీశారు. భిక్షువు ఇసుకలో పెట్టిపోయిన తామరపూలను అవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు. మేకలు తినేశాయి.

సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఫోటో పోయిందంటే దాని వెనకే లారీ వస్తుందని అందరి భయం. అమ్మను మ్యూజియంలో పెడితే ఇక పడవలు ఎవరిని నమ్ముకుని దిగాలి? చివరికి దురాయి వేశారు... అంటే ఊరి కట్టుబాటు. పెద్దకాపు, మరో ఇద్దరు పెద్దలు రాయిని తీసుకెళ్ళి ఇసుకలో పూడ్చిపెట్టాలి. ఎక్కడో వాళ్ళు చెప్పకూడదు, మిగతావాళ్ళు అడగకూడదు. ఈ కట్టుబాటు దాటిన ఇంటి పడవ వేటకు పోకూడదు.

లారీ రాలేదు. ఆ భిక్షువూ మళ్ళీ రాలేదు. అయినా దురాయి ఎత్తలేదు... ఎత్తమని అడిగినవాళ్ళ మీదే అనుమానం పడేది.

ఆడవాళ్ళు ఖాళీ అరుగుకే పసుపు పూస్తూ వచ్చారు. పూడ్చినవాళ్ళలో ఇద్దరు పోయారు. పెద్దకాపు మంచాన పడ్డప్పుడు అవ్వ వెళ్ళి ఆయన పక్కన చాలాసేపు కూర్చుంది. నన్నూ వెంట తీసుకెళ్ళింది.

"తుపాను వస్తాదంటుండారు," అంది అవ్వ.

"వస్తే వస్తాది," అన్నాడాయన.

అంతే. ఆమె అడగలేదు... ఆయన చెప్పలేదు.

ఆయన పోయాక కుర్రాళ్ళు అక్కడా ఇక్కడా తవ్వారు. అప్పటికే సముద్రం ముందుకొచ్చింది, పాత గుర్తులన్నీ సరుగుడు తోటల్లో కలిసిపోయాయి. రాయి దొరకలేదు.

ఇప్పుడు ఇంజిన్ పడవలు. ఫోన్‌లో వాతావరణం చూసుకుని బయలుదేరుతున్నారు. భిక్షువుల ఓడలు నిజంగా మా తీరం నుంచే కదిలాయో లేదో నాకు తెలియదు. చూపించడానికి ఉన్న ఒక్క రుజువునూ మేమే దాచుకున్నాం...

మీ ఊళ్ళోనూ ఏ దేవతో తెలియకుండా పసుపు పూసే రాయి ఒకటి ఉండే ఉంటుంది. ఎలా ఉంటుందో కింద రాయండి, చదువుతాను. ఎక్కడుందో మాత్రం ఇక్కడ పెట్టకండి... ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.