ఎడమచేతి ముడి

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. అయితే ఆ రోజు నా కోపం సేటు మీద కాదు, ఆ మరమనిషి మీద కాదు, నా ఎడమచేతి మీద.

తంగళ్ళపల్లి నుంచి రోజూ సిరిసిల్లకు బండి మీద పనికి పోతాను. మా షెడ్డులో ముప్పై రెండు సాంచాలు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటాం. మేం నలుగురం, తలా ఎనిమిది చూసుకుంటాం. పోగు తెగితే సాంచా ఆపాలి, రెండు కొసలూ వెతికి పట్టుకుని ముడి వేయాలి, మళ్ళీ నడపాలి. మా పనితనమంతా ఆ ముడిలోనే ఉంది. లావైతే గుడ్డలో గడ్డలా కనబడుతుంది, వదులైతే వెంటనే జారిపోతుంది.

ఆ ముడి నాకు నేర్పింది బావ. చుట్టరికమేమీ లేదు, మా నలుగురిలో పెద్దవాడని అట్లా పిలుస్తాను. నాది పుర్రచెయ్యి, ఏ పనైనా ఎడమచేత్తోనే. పనిలో చేరిన కొత్తలో నేర్పబోయిన వాళ్ళంతా "నీకు రాదు పో" అన్నారు. బావ ఒక్కడే నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "అద్దంల జూసినట్టు నా చేతులు జూడు" అన్నాడు. మూడు రోజుల్లో వచ్చేసింది. ముడికి ముందు బొటనవేలు పెదవికి తాకించి తడి చేసుకోవడం కూడా ఆయన దగ్గర పట్టుకున్నదే.

పోయిన ఎండాకాలం హైదరాబాదు నుంచి ఎవరో కంపెనీ వాళ్ళు వచ్చారు. మా నెత్తికి కెమెరాలు కట్టి, చేతులకు వైర్లున్న పల్చటి తొడుగులు వేశారు. మనిషి ఆకారంలో ఉండే మిషన్‌కు మా చేతిపని చూపించి నేర్పిస్తారట. షెడ్డు యజమాని, మా సేటు, ఏమీ దాచలేదు. "అది ముడి ఏసుడు నేర్చిందంటే మీరు నలుగురెందుకు? ముగ్గురు సాలు" అన్నాడు. ఆ పోయే ఒక్కడు ఎవరో అడగనక్కర్లేదు. బావకు అరవై దాటాయి, చూపు మందగించింది. ఇంకో షెడ్డు ఆయనను తీసుకోదు. ఇంట్లో ఆయన భార్య చుట్టే బీడీలతో ఇద్దరి కడుపు నిండదు.

చాయ్ తాగుతూ ఉపాయం చెప్పింది బావే. "అందరం జారుముడి ఏద్దాం. గా మిషన్ తప్పే నేర్చుకుంటది, మన పీడ పోతది." అందరికంటే గట్టిగా తలూపింది నేనే.

నా వంతు వచ్చింది. వదులుగా ఒకటి వేశాను, సాంచా నడపగానే ఊడింది. కంపెనీ అమ్మాయి మెత్తగా, "పర్లేదు అంకుల్, మీకు రానట్టుంది. వేరేవాళ్ళతో చేయిస్తాం" అంది. నాకు రాదట! పాతికేళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకు! ఒళ్ళు మండింది. "ఏంది రానిది? జూడు బిడ్డా" అని బొటనవేలు పెదవికి తాకించి వేశాను. ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఇంక ఆగానా? ఆ వారమంతా వేశాను, ఒక్కటి జారలేదు. జారిన ముడుల వీడియోలు తీసేసి, నిలిచినవే ఉంచారని తర్వాత తెలిసింది. బావకు మాత్రం చెప్పలేకపోయాను.

బతుకమ్మ పండుగ దాటాక ఆ మరమనిషిని తెచ్చారు. కాళ్ళూ చేతులూ మనిషివే, మొఖం ఉండాల్సిన చోట నల్లటి అద్దం. బావ నా పక్కనే ధీమాగా నిలబడ్డాడు. సేటు ఒక పోగు తెంపాడు. అది వంగి, కొసలు వెతికి ముడి వేసింది. జారింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. బావ నన్ను మోచేత్తో పొడిచి, "జూసినవా?" అని నవ్వాడు. ఈసారి కూడా జారాలి తల్లీ అని లోపల మొక్కుకున్నాను.

మూడోసారి అది ఎడమచెయ్యి ఎత్తింది. బొటనవేలు తీసుకెళ్ళి నల్లటి అద్దానికి, పెదవులుండాల్సిన చోట, తాకించింది. తర్వాత ఎడమచేత్తో ముడి వేసింది. మా షెడ్డులో పుర్రచెయ్యి వాడిని నేనొక్కడినే. మిగిలిన ఇద్దరూ తిరిగి నన్నే చూశారు. బావ నవ్వు ఆగిపోయింది. ఆయన మాత్రం నా వైపు చూడలేదు.

సేటుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "పెద్దమనిషీ, నువ్వు జూసి చెప్పు. నిలుస్తదా? నువ్వు కాదంటే ఇయ్యాలనే వాపస్ పంపుత" అన్నాడు.

బావ వంగి పోగును కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. ముడి మీద వేలు రాశాడు, లాగాడు, మళ్ళీ లాగాడు. అబద్ధం చెప్పు బావా, ఒక్క అబద్ధం చెప్పు అని నాలో నేను మొత్తుకుంటున్నాను.

"నిలుస్తది సేటూ. మంచి ముడి" అన్నాడు.

బయటికి పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఏడుపు ఆగలేదు. "తప్పయింది బావా. నువ్వైనా నిలువదని ఎందుకనలే?"

"నువ్వు జారుముడి ఎందుకెయ్యలే?"

"నాతోని కాలే."

"నాతోని గూడ కాలే. నేను నేర్పిన ముడిని చెడ్డదని ఎట్లంటరా?"

సోమవారం నుంచి ఆయన ఎనిమిది సాంచాల దగ్గర అది నిలబడుతోంది. పోగు తెగినప్పుడల్లా ఎడమ బొటనవేలు ఎత్తి ఆ అద్దానికి తాకిస్తుంది. నేను అటు తిరగను.