నలభై ఎనిమిది టికెట్ల అప్పలరాజు

ఒక మనిషి ఇంట్లోనూ, సంఘంలోనూ, ఊళ్లోనూ ఒకేసారి పరువు పోగొట్టుకోవాలంటే మామూలుగా కొన్నేళ్లు కష్టపడాలి. నేను ఒక ల్యాప్‌టాప్‌తో పదకొండు రోజుల్లో ముగించేశాను. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. మా శ్రీకాకుళంలో అందరూ ఎప్పుడో నవ్వేశారు, మీరొక్కరూ మిగిలిపోవడం దేనికి.

అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. రిపోర్టులు తీసే సాఫ్ట్‌వేరు ఒకటి విశాఖలో మూడు నెలలు నేర్చుకుని, కొత్త కత్తెర దొరికిన దర్జీలా తిరుగుతున్నాను. ఎక్కడ అంకెలు కనిపించినా రంగుల బొమ్మ గీసెయ్యడమే. వారంలో ఎన్నిసార్లు వంకాయ వండిందో మా ఆవిడ సుజాతకి గుండ్రటి బొమ్మలో చూపించాను. ఆ బొమ్మ పూర్తిగా ఒకే రంగులోకి వచ్చేదాకా ఆవిడ వంకాయే వండింది.

అలాంటి సమయంలో మా బాప్టిస్టు సంఘంవాళ్లు చర్చి పైకప్పు కోసం ఒక పాటల సాయంత్రం పెట్టారు. టౌన్లో హాలు తీసుకున్నారు. ఈసారి టికెట్లు ఫోన్లోనే అమ్ముదాం, ఎవరు ఎన్ని కొన్నారో రోజూ రిపోర్టు ఇస్తాను అని నేను లేచి చెప్పాను. అందరూ సరేనన్నారు, ఒక్క అప్పలరాజు మావ తప్ప.

అప్పలరాజు మావ సుజాతకి స్వయానా మేనమామ. చేపల వ్యాపారం చేసి చేసి ఈమధ్యే మానేశాడు. వాళ్ల తాత బాప్తిస్మం తీసుకున్నాడు గానీ ఇంట్లో పేర్లు మాత్రం పాతవే. మా సంఘంలో ఏ కార్యక్రమమైనా గేటు దగ్గర నిలబడేది ఆయనే. జేబుకి 'గేటు' అని రాసిన బిళ్ల, చేతిలో టికెట్లు చింపిన ముక్కలు. పండక్కి కొత్త బట్టలు కట్టినా ఆ బిళ్ల పెట్టుకుంటేగాని ఆయనకి తయారైనట్టు ఉండదు.

"ఫోన్లో టికెట్టయితే నానేటి సింపాలి?" అని మాత్రం అడిగాడు ఆ రోజు. ఆ మాట నేను మనసులో రాసి పెట్టుకున్నాను. అనుమానపు మనిషికి అదే ఆస్తి.

అమ్మకం మొదలైన మూడో రోజు రిపోర్టు తెరిచాను. గుండ్రటి బొమ్మలో పచ్చవి, నీలివి, సన్నసన్నటి ముక్కలు. రెండేసి, నాలుగేసి టికెట్లు కొన్న సంసారులు వాళ్లంతా. మధ్యలో ఎర్రగా ఒక పెద్ద ముక్క. వేలు పెట్టి నొక్కితే పేరొచ్చింది: అప్పలరాజు, నలభై ఎనిమిది టికెట్లు. అవి కూడా ముందు నాలుగు వరసలు, ఒక్క సీటూ వదలకుండా.

"బ్లాకు" అన్నాను గట్టిగా.

సుజాత వంటగదిలోంచి తొంగిచూసింది. "ఏటి బ్లాకు?"

"మీ మావయ్య ముందు వరసలన్నీ కొనేసి బ్లాకులో అమ్ముకుంటున్నాడు."

"మీకేటైనా అయ్యిందేటి? ఈ జిల్లాలో వీధికి ముగ్గురు అప్పలరాజులుంతారు."

మీరూ అదే అంటారని నాకు తెలుసు. కానీ వీధికి ముగ్గురున్నా, ఫోను టికెట్లంటే గిట్టని అప్పలరాజు ఒక్కడే కదా. నాకు అది చాలు.

మర్నాడు మావ ఇంటికి వెళ్లి చాలా మామూలుగా అడిగాను. "మావా, ముందు వరసలో సీట్లు ఏమైనా దొరుకుతాయా?"

"నానున్నాను కదేటి అల్లుడా. ఎందరొస్తారో సెప్పు, సూద్దాం."

చూశారా. ఒప్పేసుకున్నాడు. అత్త ఇచ్చిన టీ కూడా అనుమానంగానే తాగాను. పంచదార ఎక్కువైంది. పాపపు సొమ్ము మరి అనుకున్నాను.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆఫీసుకి లేటుగా వెళ్తూ స్కూటరు మీద ఆయన్ని వెంబడించాను. ఒకరోజు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఆటో దిగి, చేపల గంపలతో బస్సు కోసం చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లకి గుడ్డసంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చాడు. వాళ్లు ఒకటీ రెండూ అని పంచుకున్నారు. నేను చెరుకురసం బండి చాటు నుంచి ఫోటో తీశాను. అందులో మావ సగం, చెరుకుగడలు సగం పడ్డాయి. అయినా సాక్ష్యం సాక్ష్యమే.

ఈలోపు ముందు వరసలు కావాలని రోజుకి పదిమంది ఫోన్లు. అందరికీ గొంతు తగ్గించి, "అయిపోయాయండి. ఎలా అయిపోయాయో త్వరలో తెలుస్తుంది" అన్నాను. ఒక హెడ్మాస్టరమ్మగారు భయపడి వెనక సీటు కూడా వద్దంది.

కార్యక్రమానికి ముందురోజు సాయంత్రం చర్చి వెనక గదిలో కమిటీ. టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఎర్ర ముక్కని గోడంత చేసి చూపించాను. తర్వాత చెరుకుగడల ఫోటో. గదిలో అందరూ మావ వైపు తిరిగారు.

"ఆ ఎర్రగా ఉన్నాది నానేనా అల్లుడా?" అన్నాడు మావ.

"మీరే మావా."

"నాకు ఫోనెత్తి మాట్టాడ్డమే సరిగా రాదు. దాన్లో టికెట్టెలగ కొంతాను?"

"అందుకే ముఠా ఉందంటున్నాను. మరి కాంప్లెక్సు దగ్గర పంచినవి ఏమిటి?"

"అయి మన కరపత్రాలురా. సముద్రం ఒడ్డు ఊర్లోలకి పాటలంటే పేనం. రమ్మని సెప్తన్నాను."

పాస్టరు అయ్యగారు నెమ్మదిగా అడిగారు. "నాయనా, నువ్వు చూసి చెప్తున్నావా, అనుకుని చెప్తున్నావా?"

"రిపోర్టు చెప్తోందండి, నేను కాదు" అన్నాను.

మావ జేబుకున్న బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. "ఇరవై రెండేళ్లు నిలబడ్డాను. ఒక్క దొంగ టికెట్టు లోనికెల్లనియ్యలేదు. ఇప్పుడు నానే దొంగనైతే ఇది నాకొద్దు."

బిళ్ల మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. అది చూసి కూడా నేను ఆగలేదు, అందుకే ఇప్పటికీ ఆ చెయ్యి గుర్తొస్తే అన్నం సహించదు. అయ్యగారు మాత్రం, "టికెట్లు కొన్న ఫోను నంబరు ఉంటుంది కదా, ఒకసారి చేసి చూడు" అన్నారు.

ఇంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది. ల్యాప్‌టాప్‌లో నంబరు చూస్తూ, ఒక్కొక్క అంకె పైకి చదువుతూ నా ఫోన్లో నొక్కాను. స్పీకరు పెట్టి బల్ల మధ్యలో ఉంచాను. అందరూ వంగి చూశారు. తెర మీద పేరొచ్చింది: సుజాత.

పెళ్లాం నంబరు ఏ మగాడికి గుర్తుంటుందండీ. పేరు నొక్కడమే గాని అంకెలు చూసిన పాపాన పోలేదు. కట్ చేద్దామని చెయ్యి చాపాను, మావ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటండీ?" అంది సుజాత స్పీకర్లో.

"ఏం లేదు, నీ నంబరు మీద నలభై ఎనిమిది టికెట్లు..."

"మీరు సేసినయ్యే కదేటి? అమ్మకం పెట్టకముందు ఆదివారం మజ్జాన్నం నా ఫోను లాక్కుని కూకుని, బొమ్మ బాగా వస్తాదో లేదో టెస్టింగన్నారు. అయ్యాక తీసేత్తానన్నారు. తియ్యలేదేటి?"

తియ్యలేదండి. మన జిల్లావాడికి ఖాళీ గడి చూపించి ఏదో ఒక పేరు రాయమంటే చెయ్యి దానంతటదే అప్పలరాజు అని రాస్తుంది. సీట్లు ఏవి అంటే మొదటి వరస నుంచి వరసగా నొక్కుకుంటూ పోతుంది. టికెట్టుకి డబ్బు కట్టారా లేదా అని చూపే గడి ఒకటుంది, నలభై ఎనిమిదింటికీ అది ఖాళీ. బొమ్మ అందం చెడుతోందని ఆ గడి నేనే దాచేశాను.

గదిలో ముందు ఎవరు నవ్వారో తెలీదు, చివరికి అందరూ నవ్వారు. నాకు మాత్రం నిజంగా ఏడుపొచ్చింది. బిళ్ల రెండు చేతులతో తీసి, "తప్పయింది మావా" అని ఇవ్వబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకోలేదు. అయ్యగారు అందిస్తే అప్పుడు పెట్టుకున్నాడు. మిగిలిన ఆ నలభై ఎనిమిది సీట్లకీ కాగితం టికెట్లు కొట్టించి గేటు దగ్గర మావే అమ్మాలని కమిటీ తీర్మానించింది.

మర్నాడు పొందూరు ఖద్దరు చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాను. సముద్రం ఒడ్డు ఊళ్లవాళ్లు పిల్లాపాపలతో వరసలో ఉన్నారు. మావ ఒక్కొక్క టికెట్టూ చింపి, సగం ఇచ్చి లోపలికి పంపుతున్నాడు. మొహం వెలిగిపోతోంది. సుజాత తన టికెట్టు చూపించి వెళ్లిపోయింది, నా వైపు చూడకుండా. నా వంతు వచ్చింది.

"టికెట్టు?" అన్నాడు మావ.

రోజూ అందరి టికెట్లూ లెక్క చూసినవాణ్ని, నాకంటూ ఒకటి కొనుక్కోవాలని తోచలేదు. "మీ దగ్గరున్నవాటిలో ఒకటి ఇవ్వండి మావా."

"అయి అప్పలరాజు టికెట్లు బాబూ. ఊరందరి ముందరా నువ్వే గోడంత సేసి సూపించేవు. అప్పలరాజు తనకి నచ్చినోలికి ఇచ్చుకున్నాడు, అయిపోనాయి. తప్పుకో, ఎనకాల జనం ఉన్నారు."

ఆ సాయంత్రమంతా హాలు బయట స్కూటరు మీద కూర్చుని పాటలు విన్నాను. అక్కడే కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ బొమ్మలోనూ ఏ మనిషికీ ఎర్ర రంగు వెయ్యను. వెయ్యక తప్పకపోతే ముందు మా ఆవిడ ఫోను చూస్తాను. ఖాళీ గడిలో ఏదో ఒక పేరు రాయాల్సి వస్తే, దేవుడి తోడు, నా పేరే రాసుకుంటాను. కనీసం లోపలికైనా రానిస్తారు.