జహంగీర్ చాచా బతికించిన ట్యాంకు

ఎండుచేపల వాసన మోసుకొచ్చే సముద్రపు గాలిలో నిలబడి, రోజూ పొద్దున్నే ట్యాంకులోంచి మగ్గుతో నీళ్లు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటాను. ఈ మత్స్యకారుల ఊళ్లో మురుగునీటిని శుద్ధి చేసే చిన్న కేంద్రం బాధ్యత నాది. ట్యాంకు ఆరోగ్యంగా ఉంటే ఆ నీళ్లు తొలకరికి తడిసిన మట్టిలా వాసనేస్తాయి. చూసినవాళ్లు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ. పదేళ్ల కిందట జహంగీర్ చాచాను చూసి నేనూ అలాగే చిట్లించాను.

మాది భూపాలపల్లి జిల్లా చిట్యాల. డిప్లొమా కాగితం చేతబట్టుకుని జనగామ పక్కన ఇలాంటి కేంద్రంలోనే మొదటి ఉద్యోగంలో చేరాను. చాచా అక్కడ సూపర్‌వైజరు. పదో తరగతి దాటలేదు కానీ, మోటారు చప్పుడు విని ఏ బేరింగు పోబోతోందో చెప్పేవారు. చదువుకున్నదాన్నని నాకు కాస్త టెక్కు. మొదటి రోజే నన్ను ట్యాంకు గట్టు మీదికి తీసుకెళ్లారు.

"ఇందుల లెక్కలేనంత మంది కూలీలున్నరు బిడ్డా. కంటికి కనవడరు. మురికిని తినేది వాళ్లే. వాళ్లకు జర గాలి అందేటట్టు చూసుడే మన నౌకరి."

"సూక్ష్మజీవులు. నాకు తెలుసు చాచా" అన్నాను.

"తెలిస్తె మంచిదే. రోజు వాళ్ల బాగోగులు అరుసుకో మరి" అని నవ్వారు.

రోజూ ఓ గాజు జాడీలో ట్యాంకు నీళ్లు పట్టి అరగంట ఆగేవారు. మడ్డి అడుక్కి చేరి పైన తేటనీరు నిలిస్తేనే చాయ్ తాగేవారు. ట్యాంకులో అలా తేరిన నీరే కాలువలో పారి, దిగువన యాదమ్మ అవ్వ పండించే పాలకూర మడులకు చేరేది.

ఓ శుక్రవారం పెద్దాఫీసరు వస్తున్నారని కబురొచ్చింది. మా వైపు పెద్దవాళ్లెవరైనా వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు చల్లడం ఆనవాయితీ. చాచా నమాజుకు వెళ్లారు. వాసన రాకూడదు కదా అని, రోడ్డు కోసం తెచ్చిన రెండు బస్తాలూ నేను ట్యాంకులోనే కుమ్మరించాను. పైగా మెచ్చుకుంటారని ఎదురుచూశాను!

చాచా తిరిగొచ్చి గట్టు మీదే ఆగిపోయారు. జాడీలో పట్టిన నీళ్లు ఎంతసేపటికీ తేరలేదు. ఏం చేశానో చెప్పాను.

"కూలీలందర్ని సంపినవ్ గద బిడ్డా" అన్నారు మెల్లగా.

ఉద్యోగం పోతుందన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు. ఆఫీసరుకు చెప్పొద్దని బతిమాలాను. ఆయన ముందు కాలువ తలుపు దించి, మురుగును పక్క గుంటకు మళ్లించారు.

ఆఫీసరు వచ్చి, "వాసనే లేదే! భేష్" అన్నారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"వాసన లేదు సార్, పానం గూడ లేదు. బ్లీచింగ్ వడ్డది, ట్యాంకు సచ్చింది. నీళ్లు కిందికి ఇడుస్తలేం" అన్నారు చాచా.

ఎవరు పోశారని ఆఫీసరు మండిపడ్డారు.

"పోసింది ఈ పిల్ల. పొయ్యొద్దని చెప్పనిది నేను. రాసుకుంటె నా పేరు రాసుకోండ్రి."

ఆయన పేరే రాసుకున్నారు. ముప్పై ఏళ్ల నౌకరీలో చాచా మొదటి మెమో అందుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. మహబూబాబాద్ వైపున్న మరో కేంద్రం నుంచి ట్యాంకరులో ఆ కూలీలు బతికున్న మడ్డి తెచ్చి పోశాం. ట్యాంకు కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ బోరు నీళ్లు బిందెలతో మోసి అవ్వ మడులు నేనే తడిపాను. "మస్తు సదివినవట గద, గిట్లనేనా?" అని ఆవిడ ఆటపట్టిస్తే ఇంకో బిందె తేవడానికి నడిచేదాన్ని. జాడీలో నీళ్లు తేరిన పొద్దున చాచా తన చాయ్‌లో సగం నాకు పోశారు.

ఇప్పుడు ఆయన లేరు. ఇక్కడ కొత్తగా ఎవరు చేరినా, నేనో ట్యాంకును ఎలా చంపానో మొదటి రోజే చెబుతాను. నా యాసకు నవ్వేవాళ్లు కూడా ఆ కథ దగ్గర నవ్వు ఆపేస్తారు. మొన్న ఓ మధ్యాహ్నం, నాకన్నా వయసులో పెద్దవాడైన ఆపరేటరు తనంతట తానే వచ్చాడు.

"మేడమ్, పొద్దున్న గాలి మిషను ఆపేసి మళ్లీ వెయ్యడం మర్చిపోయానండి. నీళ్లు నల్లబడ్డాయి."

ఎంత కోపం రావాలో అంత గర్వం కలిగింది. ఇద్దరం కలిసి కాలువ మూశాం. ఆ పూట పొరపాటు ఎవరిదో రాయాల్సిన చోట రిజిస్టరులో నా పేరు రాశాను.