బొంతలత్త తలుపు కొట్టిన రోజు

మొన్న మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి కెమెరా బిగించారు. నిచ్చెన ఎక్కినతను తీగలు లాగుతుంటే కింద అరడజను మంది తలలెత్తి తలో సలహా ఇచ్చారు. అటు తిప్పితే మా గేటు కనపడదని ఒకాయన, ఇటు తిప్పితే మా స్కూటరు కనపడదని ఇంకొకాయన. చివరికది ఎవరి పక్షమూ వహించకుండా వేపకొమ్మ వైపు చూస్తూ స్థిరపడింది. "ఇంక మనకేం భయం లేదండీ మేడమ్," అన్నాడు ఎదురింటాయన. తల ఊపి లోపలికొచ్చి కూర్చున్నాను. తిరువూరులో నేను పుట్టి పెరిగిన ఈ వీధిలో భయం ఎలా మొదలైందో, అది చివరికి ఎవరి మీద పడిందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆవిణ్ణి మేము బొంతలత్త అనేవాళ్ళం. నెమలి అనే ఊరి దగ్గర ఏదో పల్లె. పత్తి తీతలు అయిపోయి, మామిడికాయ ఇంకా ముదరని రోజుల్లో నెత్తిన మూటతో దిగేది. పాత చీరలిస్తే పొరలుపొరలుగా పరిచి, మా వరండాలోనే నాలుగైదు రోజులు కూర్చుని బొంత కుట్టేది. చీర చేతికి తీసుకుంటే దాని చరిత్రంతా చెప్పాల్సిందే. ఎప్పుడు కొన్నారు, ఎవరు పెట్టారు, ఈ మరక ఏ పెళ్ళిలోది. మా అమ్మ నాన్నగారికి కూడా చెప్పని సంగతులు ఆ వరండాలో చెప్పుకుందని నా అనుమానం. ఆవిడ నెమలి వేణుగోపాలస్వామికి మొక్కే మనిషి. అయినా అమ్మ ఆదివారం చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీరని బొంతకి సరిగ్గా నడిమధ్యన వేసేది. "ప్రార్థన చేసిన చీరమ్మా, గుండె మీదకి రావాలి," అనేది. అమ్మ పోయాక కూడా ఏటా వచ్చేది. నేను టీచరుగా రిటైరయ్యి, జుట్టు నెరిసి, మోకాళ్ళు పట్టుకుపోయినా ఆవిడకి నేను పాపనే. "పాపా, చిక్కిపోయావే," అనేది, నేనెంత లావెక్కినా సరే.

నేను రిటైరైన ఏడే ఎదురింటాయన తల్లి మెడలో గొలుసు తెంపుకుపోయారు. పొద్దున్నే ఆవిడ వాకిలి ఊడుస్తుంటే ఇద్దరు బండి మీదొచ్చి అడ్రసు అడిగారట. పాపం, చీపురు పక్కన పెట్టి మరీ దారి చెప్పింది. మెడ మీద తెగిన గాయం నెలరోజులు మానలేదు. ఆ తర్వాత వీధి వీధిలా లేదు. పగలే గేట్లకి తాళాలు పడ్డాయి. నేనూ ఒకటి కొన్నాను. వీధివాళ్ళంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. మొదట్లో జాగ్రత్తలు చెప్పుకునేవారు, తర్వాత ఎక్కడెక్కడివో వీడియోలు రావడం మొదలైంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని, ఆడవాళ్ళే మూటలతో తిరుగుతున్నారని, ఎవరు పిలిచినా తలుపు తియ్యొద్దని. నేను నమ్మలేదు. కానీ ప్రతిదీ చివరిదాకా చదివాను.

ఆ రోజుల్లోనే ఒకనాడు మధ్యాహ్నం మూడింటికి ఎదురింటాయన కొడుకు, మూడేళ్ళవాడు, గేటు సందులోంచి జారి విజయవాడ బస్సులు పోయే రోడ్డు దాకా నడిచాడు. వాణ్ణి చూసింది అప్పుడే ఆటో దిగిన బొంతలత్త. చంకనెత్తుకుని వీధిలోకి తెచ్చింది. "ఎవరి బాబమ్మా? ఎవరి బాబు?" అని గేటు గేటుకీ అడుగుతోంది. ఒక్క గేటూ తెరుచుకోలేదు. ఇంతలో పిల్లాడి తల్లి బయటికొచ్చి కెవ్వుమంది.

తర్వాతిదంతా నేను మా కిటికీ వెనక నుంచి విన్నాను. పరుగులు, బూతులు, మూట చీరి పారేసిన చప్పుడు. అంతలో మా గేటు దడదడలాడింది. "పాపా! తలుపు తియ్యమ్మా! నేనేనే! వీళ్ళకి చెప్పు పాపా!" గొంతు వెంటనే గుర్తుపట్టాను. తాళంచెవి మేకుకే వేలాడుతోంది. తీసి పట్టుకున్నాను. పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అంతమంది కోపంగా ఉన్నారు కదా, నన్నూ ఏమైనా అంటారేమో, ఒకవేళ ఆ పిల్లాణ్ణి నిజంగానే... ఇలా ఏవేవో అనుకున్నాను. రెండు నిమిషాలు ఉంటుందేమో. గేటు చప్పుడు ఆగిపోయాక కాళ్ళు కదిలాయి.

నేను తలుపు తీసేసరికి ఆవిడ గేటు పక్కన కింద పడుంది. చుట్టూ పాతచీరల ముక్కలు. "ఈవిడ నాకు తెలుసు. చిన్నప్పట్నుంచీ తెలుసు," అన్నాను. ఎదురింటాయన చేతిలో కర్ర అలాగే ఉంది. నా వంక చూసి, "ముందే చెప్పొచ్చుగా మేడమ్?" అన్నాడు.

పోలీసులొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎస్సై గారు పేరు అడిగితే ఆవిడ చెప్పింది. అన్నేళ్ళలో ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఎవరు కొట్టారంటే వీధిలో ఒక్కరూ చూడలేదు. నన్నూ అడిగారు. "నేను లోపల ఉన్నానండీ," అన్నాను. అబద్ధం కాదు కదా.

నాలుగు నెలలకి ధైర్యం చేసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. సూది పట్టే చెయ్యి. నన్ను చూసి నవ్వి మంచం మీద చోటిచ్చింది. నా మోకాళ్ళ సంగతి అడిగింది. తర్వాత, "ఆ పిల్లాడు బాగున్నాడా? రోడ్డు మీదకి వదలొద్దని వాళ్ళకి చెప్పు పాపా," అంది. ఇక ఉండబట్టలేక, "అత్తా, ఆ రోజు తాళంచెవి దొరకలేదు," అన్నాను. దారి పొడుగునా నిజం చెప్పాలనుకుంటూ వెళ్ళిన దాన్ని. "కంగారులో దొరకవులేమ్మా," అంటూ ఎడంచేత్తో నా భుజం నిమిరింది. మరుసటేడు చలికాలంలో పోయిందని ఎవరో చెప్పారు.

మా వీధిలో ఆ తర్వాత దొంగతనాలేవీ జరగలేదు. ఎదురింటి పిల్లాడు ఇప్పుడు సైకిలు తొక్కుతున్నాడు. రిటైరయ్యాక రోజులెలా గడుస్తున్నాయని ఎవరైనా అడిగితే ఇట్టే గడిచిపోతున్నాయంటాను. నిజమే, ఏళ్ళే గడిచిపోయాయి. తాళంచెవి పట్టుకుని నిలబడ్డ ఆ రెండు నిమిషాలే ఇంకా గడవలేదు.