సముద్రం అడుగున పండిన వేరుశనగ

మొన్న ఇక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రం దక్షిణానికి కారులో పోతూ అద్దం దించాను. అప్పుడే తిరగేసిన వేరుశనగ చేని వాసన, తడిమన్నూ పాలగింజా కలిసిన వాసన, గుప్పున తగిలింది. మా ఆయన బండి నెమ్మది చేసి, "మిస్ రూబీ గుర్తొచ్చిందా?" అన్నారు. తలూపాను.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయనకి ఆ వైపు చిన్న ఊళ్లో పెట్రోలు బంకులో పని. నేనేమో ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, గడప దాటడానికే భయం. పక్కింటి మిస్ రూబీ డెబ్బై దాటిన నల్లజాతి రైతు. అక్కడ పెద్దావిడల్ని అలా మిస్ అనే పిలుస్తారు. ఆవిడ ఇంగ్లీషు నాకు సగమే అందేది, మిగతా సగం చేతులతో చెప్పేది.

ఒకరోజు నన్ను పికప్‌లో ఎక్కించుకుని ఉత్తరాన కొండలదాకా తీసుకెళ్లింది. అక్కడ చల్లగాలి, ఆపిల్ తోటలు. తిరిగొస్తుంటే నడుమ ఊళ్లన్నీ జిగట ఎర్రమన్ను. ఇంకా కిందికి వచ్చేకొద్దీ కొండలు అణిగిపోయి, మన్ను తెల్లబడి ఇసకైపోయింది. ఊరు చేరాక తన చేలో దించి నా అరచేతిలో నల్లటి పన్నొకటి పెట్టింది.

"సొరచేపది. దున్నుతుంటే దొరికింది."

"ఇక్కడా? సముద్రమెక్కడ, మనమెక్కడ!"

"ఒకప్పుడు ఇదే సముద్రం, హనీ. దారిలో ఇసక మొదలైందే, అదీ ఒడ్డు. నువ్విప్పుడు అడుగున నిలబడ్డావు. అందుకే నేల ఇంత గుల్ల. అందుకే వేరుశనగ."

చెప్పులు విడిచేశాను. ఎందుకని అడిగింది, వంగి నేలని తాకి కళ్లకద్దుకున్నాను. అది చూసి తనూ బూట్లు విప్పి నా పక్కన నిలబడింది.

ఆ ఏడు చేను చివర నాలుగు సాళ్లు నాకిచ్చింది. ఈ గడ్డమీద నాదంటూ వేసిన మొదటి పంట. పూత పూసి, ఊడలు మన్నులోకి దిగి, కాయ ముదిరింది. నేను పీకి ఆరబెట్టిన మర్నాడే తుఫాను కబురొచ్చింది. ఆవిడ పంట ఇంకా భూమిలోనే భద్రంగా ఉంది. నాది తడిస్తే బూజే, పచ్చివి ఇంట్లో పోస్తే ఆవిరెక్కి కుళ్లిపోతాయి. ఏడుపు దిగమింగుకుని మా ఊళ్లోలాగా కాయ లోపలికి, ఆకు బయటికి పెట్టి కుప్ప వేస్తున్నాను. మిస్ రూబీ వచ్చి అలాగే నిలబడిపోయింది.

"ఎవరు నేర్పారది?"

"మా అమ్మ."

"మా నాన్న ఇలాగే వేసేవాడు. మిషన్లొచ్చాక మళ్లీ చూడలేదు." అంతలోనే నవ్వేసింది. "మరి నడుమ గుంజ ఏదీ? గాలికి మీ అమ్మొచ్చి పట్టుకుంటుందా?"

తనే గుంజ తెచ్చి పాతింది. తీగలు నేలకి తగలకుండా కింద అడ్డకర్రలు కొట్టింది. ఇద్దరం దాని చుట్టూ పేర్చి, పైన గడ్డి కప్పాం.

తుఫాను ఊరిమీద పడి పెకాన్ చెట్లని వేళ్లతో పెకలించేసింది. తెరిపిచ్చాక చూస్తే కుప్ప ఒరిగింది గానీ పడలేదు. "నీ పంట, నువ్వే చూడు," అందావిడ. మోచేతిదాకా చెయ్యి దూర్చాను. లోపల కాయలు పొడిగా, గోరువెచ్చగా ఉన్నాయి. నా మొహం చూసి తనూ చెయ్యి దూర్చింది, ఎంతకీ తియ్యలేదు. "నాన్నా," అంది మెల్లగా.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరి పెరట్లోకి వెళ్లినా, ఏ దేశంవాళ్లైనా సరే, అక్కడున్న పంట చూపించి "మీ ఇంట్లో పెద్దవాళ్లు దీన్నెలా పండించేవారు?" అని అడుగుతాను. మాటలు దొరక్క తడబడతారు. చేతులు మాత్రం ముందే కదులుతాయి. వాటినే చూస్తూ కూర్చుంటాను.