అమ్మమ్మ చూసిన బ్రిటిష్ ఛానల్

మొన్న గరాజ్ సర్దుతుంటే ఓ అట్టపెట్టె అడుగున మా పాత టీవీ రిమోట్ దొరికింది. ప్లాస్టిక్ కవర్ తొడిగి, జారిపోకుండా రబ్బరు బ్యాండ్ బిగించి, నగ దాచినంత భద్రంగా ఉంది. కవర్ విప్పేసరికి తలనొప్పి బామ్ వాసన, దాని వెనకే సన్నగా ఇంగువ వాసన. అమ్మమ్మ చేతి వాసన! బటన్లు అరిగిపోయాయి, బ్యాటరీలు కారిపోయాయి, వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. అక్కడే నేల మీద చతికిలబడి కాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మేం న్యూజీలాండ్‌లో, హామిల్టన్ ఊళ్ళో రోటోటూనా అనే పేటలో అద్దెకుండేవాళ్ళం. నాన్న కొరియర్ వ్యాన్ డ్రైవ్ చేసేవాడు, అమ్మ ముసలివాళ్ళ హోమ్‌లో కేర్‌గివర్. ఇండియాలో నర్సుగా ఎంత పని చేసినా ఇక్కడ మళ్ళీ ఓ కోర్సు చేస్తేగాని నర్సు కాదు, కోర్సు చేయాలంటే స్కూల్ నుంచి వచ్చాక నన్ను చూసుకునే మనిషి ఉండాలి. అందుకని తెనాలి నుంచి అమ్మమ్మని రప్పించారు. ఆవిడేమో వచ్చిన రెండో వారానికే, "నన్ను పంపించెయ్యవే సుజా, పలకరించే దిక్కు లేదు, గోడలతో మాట్లాడుకుంటున్నాను" అని అమ్మ ప్రాణం తీయడం మొదలుపెట్టింది. నేనున్నా ఏం లాభం? ఆవిడ తెలుగంతా అర్థమయ్యేది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇచ్చేదాన్ని, ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అమ్మమ్మ వెళ్ళిపోతే అమ్మ కోర్సు అటకెక్కినట్టేనని ఇంట్లో అందరికీ తెలుసు, నాక్కూడా.

ఆ రోజుల్లో ఇంటర్నెట్ లెక్క చూసి వాడుకోవాలి కాబట్టి తెలుగు ఛానళ్ళ ఊసే లేదు. ఇంటి ఓనర్ ప్యాకేజీలో ఒక బ్రిటిష్ ఛానల్ వచ్చేది. దిక్కులేక అమ్మమ్మ దాని ముందు కూర్చుంది, కూర్చున్నాక ఇక లేవలేదు. పొద్దున్నే పాత సామాన్ల వేలంపాట, తర్వాత ఇళ్ళు కొనుక్కునేవాళ్ళు గదిగదికీ తిరిగి వంకలు పెట్టడం, మధ్యాహ్నం తోటపని, నేను స్కూల్ నుంచి తడిసిన బూట్లతో వచ్చేసరికి కేకుల పోటీ, సాయంత్రం ఓ పల్లెటూళ్ళో హత్య, దాన్ని టీ తాగుతూ తీరిగ్గా కనిపెట్టే ఓ ముసలాయన. గడియారం చూడటం మానేసి అమ్మమ్మ ఛానల్‌నే చూసేది, ఇళ్ళవాళ్ళు రాగానే బియ్యం కడిగేది, తోటవాళ్ళు వచ్చేసరికి బీరకాయ చెక్కు తీసేది. "చంపింది వంటమనిషే, కళ్ళు చూడు" అని హత్య జరక్కముందే తేల్చేసేది.

ఆవిడకి అర్థం కానిదల్లా ఆ వేలంపాట. ఇంట్లో గడవక సామాన్లు అమ్ముకుంటున్నారనుకుంది. భోజనాలకి ముందు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉండేది, అందులో ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, "నీలం కోటు అబ్బాయి వాళ్ళమ్మ గడియారం అమ్ముకున్నాడు తండ్రీ, ఆ బిడ్డని ఆదుకో" అని మొదలుపెడితే నాన్న నవ్వాపుకోలేక దగ్గేవాడు. వాళ్ళు బీదవాళ్ళు కాదు, సరదాకి అమ్ముతారు అని నేను నానా తంటాలు పడి చెప్పాను. అమ్మమ్మ నోరు తెరిచింది. "సరదాకి అమ్మ గడియారం అమ్ముకుంటారూ? అయితే ఇంకా గట్టిగా ప్రార్థన చెయ్యాలే!"

మాకు జూన్ చలి, కిటికీ అద్దాల మీద నీళ్ళు కారేవి, హీట్ పంప్ మూలుగుతుండేది. టీవీలో ఓరోజు క్రిస్మస్ చెట్టు, మంచు, పిల్లల పాటలు కనబడ్డాయి, అదేదో పాత ఎపిసోడ్. నేను ఇల్లు చేరేసరికి వంటింటి నిండా వేడి నూనె వాసన. అమ్మమ్మ పెట్టెలో తెచ్చుకున్న ఇనప అచ్చుతో క్రిస్మస్‌కి చేసే గులాబీ పువ్వులు వేసేస్తోంది, కొబ్బరిపాలు, పంచదార కలిపిన పిండి బుసబుసా పొంగుతోంది. "ఇది జూన్ అమ్మమ్మా!" అంటే, "చలి ఉంది, చెట్టు ఉంది, ఇంకేం కావాలే?" అంది. కరకరలాడే ఆ పువ్వుల కోసం పక్కింటి కివీ పిల్లలు కూడా కంచె దగ్గర నిలబడ్డారు.

కేకుల పోటీలో మా ఇద్దరి ప్రాణం ఓ ఎర్రజుట్టు పిల్ల మీద ఉండేది. వారానికొకరిని పంపించేసేవారు. బట్టతల జడ్జి నోరు తెరిస్తే చాలు అమ్మమ్మ నన్ను పొడిచేది, "ఏమన్నాడే ఆయన?" కేకు లోపల ఉడకలేదన్నాడు, క్రీము ఎక్కువైందన్నాడు అని తెలుగు మాటలు వెతుక్కుని వెతుక్కుని చెప్పేదాన్ని. ఓరోజు ఆవిడ తేల్చి చెప్పేసింది: "ఈ పిల్ల ఇంటికి పోయిన రోజు నేనూ పోతాను. సుజా, నా టికెట్ మార్పించు." అమ్మ కోర్సు పేపర్లు తీసి ఫ్రిజ్ మీద పెట్టేసింది. ఆ రోజు నుంచి ప్రార్థనలో ఎర్రజుట్టు పిల్ల పేరు వస్తే ఇంట్లో అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది నేనే.

ఓ వారం ఆ పిల్ల కేకు మధ్యలోకి కూలిపోయింది. జడ్జి ఏదో మెల్లగా చెప్పాడు, ఆ పిల్ల ఏడ్చింది. అమ్మమ్మ నా వైపు తిరిగి అడిగింది. "ఏమన్నాడే?"

"ఆ అమ్మాయిని వెళ్ళిపొమ్మన్నాడు అమ్మమ్మా. కానీ నువ్వు వెళ్ళకు. నువ్వు వెళ్తే నాకు ఎవరూ ఉండరు." ఇంగ్లీషు ముక్క కలవకుండా అంత పొడుగు తెలుగు నేను మాట్లాడటం అదే మొదలు.

అమ్మమ్మ చెంగుతో నా మొహం తుడిచింది. "పోతే పోనీ లేవే పిచ్చి మొహమా, పోటీలో ఆ గళ్ళ చొక్కా ఆయన ఇంకా ఉన్నాడుగా? ఆయన సంగతేదో తేలాలి." గళ్ళ చొక్కా ఆయన తర్వాతి వారమే పోయాడు. అమ్మమ్మ మాత్రం వీసా ఉన్నంతకాలం ఉంది, అమ్మ నర్సయింది.

ఇప్పుడు ఆ ఛానల్ లేదు, అమ్మమ్మా లేదు, గోడంత టీవీ ఉన్నా ఎవరి ఫోన్‌లో వాళ్ళు చూసుకుంటున్నాం. రిమోట్ తీసుకెళ్ళి అమ్మకిచ్చి, ఆ రోజు ఎర్రజుట్టు పిల్ల పోయినప్పుడు ఎంత భయపడ్డానో చెప్పాను. అమ్మ దాన్ని వాసన చూసి నవ్వింది, కళ్ళలో నీళ్ళు.

"ఆ పోటీ పొద్దున వేలంపాట అయ్యాక ఒకసారి వచ్చేదే, నువ్వు స్కూల్ నుంచి వచ్చి చూసేది మళ్ళీ వేసేది. ఆ వేళ నాకు పొద్దున డ్యూటీ లేదు, ఇద్దరం చూశాం. ఆ పిల్ల పోగానే మీ అమ్మమ్మ టీవీ కట్టేసి, 'వెళ్ళి కోర్సులో చేరు, నేనుంటాను' అంది. నువ్వు ఇంటికి రాగానే చెప్దామంటే వద్దంది."

"ఎందుకు?"

"'సాయంత్రం అది వచ్చి తెలుగులో చెప్తుందిగా, విందాం' అంది."